చాడీల పట్టీ

మోక్షితకు ఏ జబ్బూ లేదని తేలడం అది నాలుగోసారి.

పలాస దగ్గర తోటవానిపేట ఆరోగ్య కేంద్రంలో గౌరీశ్వరి రిపోర్టు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. రక్తం బాగుంది, మూత్రం బాగుంది, స్కానింగ్‌లో రెండు మూత్రపిండాలూ చిక్కుడు గింజల్లా ముచ్చటగా ఉన్నాయి. ఎదురుగా బల్ల మీద కూర్చుని ఐదేళ్ల మోక్షిత కాళ్లూపుకుంటూ బిస్కెట్ తింటోంది. కానీ ఆ పిల్ల రెట్టకు అంటించిన పట్టీ మీద చుక్క మాత్రం పది రోజులుగా మళ్లీ మళ్లీ ఎర్రబడుతూనే ఉంది.

పట్టీ అసలు పేరు స్వేద-7. విశాఖపట్నంలో డాక్టర్ త్రినాథ పాత్రో ప్రయోగశాలలో పుట్టింది. బొట్టుబిళ్లకు పెద్దక్కలా ఉంటుంది. ఒంటికి అంటుకుని చెమటను రుచి చూస్తుంది. మూత్రపిండమో కాలేయమో మొరాయించబోతుంటే మనిషికి తెలియడానికి ఏడాది ముందే పసిగట్టి, ఆ కబురు ప్రయోగశాలకు మోసేస్తుంది. ఎవరింట్లో ఏం జరుగుతోందో పైవాళ్లకు చేరవేస్తుంది కాబట్టి ఊళ్లో దానికి చాడీల పట్టీ అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచింది. ఆ మండలంలో పట్టీలన్నీ చూసుకునే బాధ్యత గౌరీశ్వరిది. నాలుగేళ్లుగా అదే ఆమె ఉద్యోగం.

"ఏటండీ, ఇది పాడైపోయినట్టుంది. తీసి ఇంకోటి ఎయ్యండి," అంది మోక్షిత తల్లి దమయంతి.

"ఇప్పటికి మూడు మార్చాను దమయంతీ. మూడూ అదే చెప్తున్నాయి."

దమయంతి జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పన్నెండేళ్లు పొట్టు తీసి, గ్రేడింగుకు మారి, ఈ మధ్యే మేస్త్రీ అయింది. నవ్వకుండా నాలుగు మాటలు మాట్లాడడం ఆమె వల్ల కాదు.

నాలుగు నెలల క్రితం వరకూ పట్టీ ఆమెకూ ఉండేది, ఆమె భర్త ఢిల్లేశ్వరరావుకూ ఉండేది. జనారోగ్య కార్డు ఉన్న ఇంట్లో అందరికీ ఇచ్చేవారు. తర్వాత రాష్ట్రం నిబంధన మార్చింది. పిల్లల ఆదాయ హద్దును అలాగే ఉంచి, తల్లిదండ్రుల హద్దును మాత్రం సగానికి దించింది. దాంతో పిల్లలు పేదవాళ్లుగానే మిగిలారు, వాళ్లను కన్నవాళ్లు మాత్రం రాత్రికి రాత్రే కలిగినవాళ్లైపోయారు. పక్క రాష్ట్రంలో పాత హద్దే ఉంది. బాహుదా వంతెనకు అవతల పేదవాడు ఇవతలకు రాగానే షావుకారైపోతున్నాడని ఇచ్ఛాపురం బస్సులో జనం నవ్వుకునేవారు. ఆ వారమంతా గౌరీశ్వరి కొబ్బరినూనె గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్ల ఒంటి మీద పట్టీలు ఊడదీసింది. ఆ పని ఆమెకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

"మేస్త్రీనైనానని ఊరందరికీ మిఠాయి పంచినాను. ఆ మిఠాయికే కార్డు పోయింది," అని దమయంతి అప్పుడు కూడా నవ్వింది.

గౌరీశ్వరి ఆ సాయంత్రమే పాత్రో గారికి ఫోన్ చేసింది. ఆయనకు అరవై రెండేళ్లు. మాటకు ముందు ఒకసారి దగ్గి, తర్వాత ఎదుటివాళ్ల చేతే జవాబు చెప్పించే అలవాటు.

"పట్టీకి అబద్ధం చెప్పేంత తెలివి లేదమ్మా. పాపకి జబ్బుందా లేదా అని అడగడం మానెయ్. ఏ వేళప్పుడు ఎరుపెక్కుతోందో చూడు."

చూసింది. ఫోన్‌లో పట్టీ గీసే గీత పగలు నేల మీద పాకుతోంది. రాత్రి పిల్ల పడుకున్నాక లేచి, తెల్లవారితే దిగుతోంది. నిద్రకు సంబంధించిందేమో అనుకుంది. కానీ అంగన్‌వాడీలో మధ్యాహ్నం పడుకున్నప్పుడు గీతలో చలనం లేదు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో పడుకుంటే మాత్రం లేస్తోంది. నడుమ రెండు రోజులు అసలేమీ లేదు. ఆ రెండు రోజులూ ఏం జరిగిందని అడిగితే, దమయంతి చెల్లెలి బిడ్డ బారసాలకు టెక్కలి వెళ్లిందనీ, పిల్ల నాయనమ్మ దగ్గర పడుకుందనీ తెలిసింది.

తర్వాతి ఆదివారం గౌరీశ్వరి వాళ్లింటికి వెళ్లింది. వసారాలో చాప మీద తల్లీ కూతురూ నిద్రపోతున్నారు. మోక్షిత చెయ్యి తల్లి మెడ కిందుగా దూరిపోయి ఉంది, పట్టీ ఉన్న రెట్ట తల్లి భుజానికి అతుక్కుని ఉంది. ఉక్కగా ఉంది. ఇద్దరి చెమటా ఒకటే అయిపోయింది. గౌరీశ్వరి గడప మీద కూర్చుని ఫోన్ తెరిచింది. అరగంట తిరక్కుండానే గీత మెల్లగా తలెత్తింది.

అది చూసి ఆమెకు అర్థమైంది. పట్టీ చెబుతున్నది కూతురి కథ కాదు, తల్లి కథ. మూత్రంతో పోవలసిన యూరియా చెమటలో అంత ఉందంటే దమయంతి మూత్రపిండాలు అలిసిపోవడం మొదలైంది. పట్టీ తీసేసినా, కార్డు పోయినా, కూతురి పట్టీ తల్లి గురించి చాడీలు చెబుతూనే ఉంది. మొదట్లోనే దొరికింది కాబట్టి బాగుచేయవచ్చు. ఆ సంతోషంలో గౌరీశ్వరి నోరు జారింది.

"ఈ విషం పాపది కాదు దమయంతీ," అంది, దమయంతి లేవగానే. "నీ ఒంట్లోది. నీ నుంచి పాప ఒంటికి అంటుతోంది."

దమయంతి ఆ రోజు నవ్వలేదు. "అంటుతాదా?" అని మాత్రం అడిగింది. గౌరీశ్వరి ఫోన్‌లో గీతలు చూసుకుంటూ "అవును," అంది.

సోమవారం వీడియోలో ముగ్గురు కలిశారు. జనారోగ్య కార్డుల సంస్థలో జాయింట్ డైరెక్టర్ సుధామయి గారు రాజధాని నుంచి, పాత్రో గారు ప్రయోగశాల నుంచి, గౌరీశ్వరి ఆరోగ్య కేంద్రం నుంచి. సుధామయి చెడ్డ మనిషి కాదు. గీత గీసిన చోట నిలబడే మనిషి.

"పాపకి వేసిన పట్టీ పాపనే కొలవాలి," అంది ఆమె. "ఇంకొకర్ని కొలిస్తే దాన్ని లోపం అంటారు. మీరు నివేదికలో లోపం అన్న గడిలో టిక్ పెట్టండి. పాత్రో గారు ఒక అప్‌డేట్ పంపిస్తే పట్టీ తల్లి చెమటను పక్కన పెట్టేస్తుంది. అయిపోతుంది."

పాత్రో గారు దగ్గారు. "పద్నాలుగో నిబంధన మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లల పట్టీ హెచ్చరిస్తే, దాని మూలం ఎక్కడుందో వెతికి, ఆ మూలం నయమయ్యే వరకూ కార్డు మీదే వైద్యం చేయించాలి."

"మూలం పిల్లలోనే ఉండాలి కదండీ."

"అలా అని అందులో ఎక్కడుందో చెప్పండి."

సుధామయి కాగితాలు తిప్పింది. చాలాసేపు తిప్పింది. చివరికి అద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇలాంటి హెచ్చరికలు రాష్ట్రమంతటా పదకొండు వందలున్నాయి. అన్నీ ఆరోగ్యంగా ఉన్న పిల్లలవే. మీరు చెప్పేది నిజమైతే పదకొండు వందల ఇళ్లలో పెద్దవాళ్లకు జబ్బుంది. నిజం కాకపోతే యంత్రంలో లోపముంది. పది రోజుల తర్వాత నేనే వచ్చి చూస్తాను. అప్పటిదాకా హెచ్చరిక ఆగకుండా రావాలి. ఆగిందా, లోపమనే రాస్తాను, అందరికీ కలిపి."

మంగళవారం ఉదయానికి మోక్షిత పట్టీ పచ్చగా ఉంది. బుధవారం కూడా పచ్చగానే ఉంది. గురువారం గౌరీశ్వరి పరుగున వాళ్లింటికి వెళ్లింది.

వాకిట్లో మోక్షిత నాయనమ్మ కురమమ్మ చేపలు తోముతోంది. గౌరీశ్వరిని చూసి చేతులు కడుక్కుంది.

"నీ సదువు సల్లగుండ, ఏటి సెప్పినావమ్మా నా కోడలికి? కన్న గుంటని దగ్గరికి రానీదు. కంచం ఏరు, చాప ఏరు. అన్నం కూడా నన్నే పెట్టమంతాది. అమ్మ కాడ తొంగుంటానని గుంట ఏడుపు. ఇది గోడవేపు తిరిగి ఏడుపు. మూడు దినాలై ఈ ఇంట్లో ఎవరికీ నిద్దర నేదు."

గౌరీశ్వరికి తల కొట్టేసినట్టయింది. విషం, అంటుతోంది. ఆ రెండు మాటలూ తనే అంది. నాలుగేళ్లుగా ఈ ఊరివాళ్లకు వైద్యం మాటలు విడమర్చి చెప్పడమే తన పని అనుకుంటూ వచ్చింది. తీరా అవసరమైనప్పుడు ఒక తల్లి ఒళ్లోంచి బిడ్డను లాగేసింది.

ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక దమయంతి వేపచెట్టు కింద ఒక్కతే కూర్చుని ఉంది. గౌరీశ్వరి వెళ్లి పక్కనే కూర్చుంది.

"నేను తప్పుగా చెప్పాను దమయంతీ. నన్ను క్షమించు."

"తప్పేటుంది? నా ఇసం నా బిడ్డకి అంటుతాదన్నారు. నానే దూరం జరిగినాను."

గౌరీశ్వరి మాటలతో వాదించలేదు. సంచిలోంచి కొత్త పట్టీ తీసి తన రెట్టకు అంటించుకుంది. ఆ చేతిని దమయంతి చేతికి ఆనించి పెట్టింది. దమయంతి వెనక్కి లాక్కోబోతే గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ అలాగే కూర్చుని దమయంతి క్యారేజీలోని వంకాయ కూర ఎడమ చేత్తో ఒకరూ, కుడి చేత్తో ఒకరూ తిన్నారు. చూసిన ఆడవాళ్లు వీళ్లకేమైందని నవ్వుకున్నారు. ఎండకు ఇద్దరికీ చెమటలు కారాయి. భోజనాల వేళ ముగుస్తుండగా పట్టీ మీద చుక్క ఎర్రబడింది.

"చూశావా? నాకేమైనా అయిందా?" అంది గౌరీశ్వరి. కుళాయి దగ్గరికి వెళ్లి చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. కాసేపటికి చుక్క పచ్చబడింది. "పక్కింట్లో చేపల పులుసు ఉడికితే మనకి వాసన వస్తుంది. అంతమాత్రాన మన కడుపు నిండుతుందా? పట్టీకి తగిలేది ఆ వాసనే. పాప ఒంట్లోకి ఏమీ పోదు. నువ్వు ముద్దు పెట్టుకున్నా పోదు, పక్కలో పడుకోబెట్టుకున్నా పోదు."

దమయంతి ఆ పచ్చ చుక్కను వేలితో తడిమింది. కానీ ఆమె మనసు పూర్తిగా తేలిక పడలేదు.

"అది సరే. నాకు జబ్బున్నట్టే కదా. కార్డు నేకుండా ఆ మాట తెలుసుకుని ఏటి సేసుకోవాల? తెలీకపోతే కొన్నాళ్లు నవ్వుతూనైనా ఉంతాను. జబ్బు మనిషని తెలిస్తే మేస్త్రీ పని ఉంచుతారా?"

"వైద్యం దొరుకుతుందని నేను మాటివ్వలేను," అంది గౌరీశ్వరి. "మేస్త్రీ పని సంగతీ నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. పాప నీ పక్కన పడుకుంటే, నీకు వైద్యం చేయించమని అడగడానికి నా చేతిలో ఒక కారణం ఉంటుంది. పడుకోకపోతే ఆ కారణం కూడా ఉండదు."

దమయంతి క్యారేజీ మూత పెట్టింది. తర్వాత అయిదు రోజుల్లో మొదటిసారి ఆమె పెదవి ఒక పక్కకు సాగింది.

"అంటే నిద్దరపోడమే నా కూతురు సేసే ఉద్యోగమన్నమాట."

ఆ సాయంత్రం మోక్షిత తన చాప తనే మోసుకొచ్చి తల్లి చాప మీద పరిచిందని, రెండింటి మధ్యా సందు లేకుండా చూసుకుందని కురమమ్మ మర్నాడు అందరికీ చెప్పింది.

చెప్పిన రోజుకే సుధామయి దమయంతి ఇంటికి వచ్చింది. కారు దిగి, వసారాలో వేసిన కుర్చీలో కూర్చుని, చల్లటి కొబ్బరినీళ్లు కూడా వద్దని ముందుగా ఫోన్‌లో గీతలు చూసింది. పాత్రో గారు విశాఖ నుంచి రైల్లో వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. దమయంతి భర్త ఢిల్లేశ్వరరావు ఆటో కిరాయిలు మానుకుని వాకిట్లో తచ్చాడుతున్నాడు.

"ఇక్కడ మూడు రోజులు హెచ్చరిక లేదు," అంది సుధామయి. "ఆగకూడదని చెప్పాను."

పట్టీ ఊడిపోయిందనో, చార్జింగ్ అయిపోయిందనో గౌరీశ్వరి చెప్పవచ్చు. అలా అందరూ చెబుతూనే ఉంటారు. కానీ తన తప్పుకు దమయంతి మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. ఇంకో అబద్ధం దాని మీద పేర్చబుద్ధి కాలేదు. జరిగిందంతా చెప్పింది. విషం అన్న మాట దగ్గర్నుంచి వంకాయ కూర దాకా, ఏదీ దాచలేదు.

సుధామయి వింటూ మళ్లీ గీతలు చూసింది. వేలితో ముందుకూ వెనక్కూ జరిపింది. టెక్కలి వెళ్లిన రెండు రోజులు. గోడవైపు తిరిగిన మూడు రోజులు. చాపలు కలిసిన రోజు.

"ఈ మూడు రోజులే లేకపోతే నేను నమ్మేదాన్ని కాదు," అంది చివరికి. "ఆగకుండా వస్తే యంత్రం పిచ్చిదనుకునేదాన్ని. దూరం జరిగితే ఆగింది, దగ్గరికి రాగానే మొదలైంది. దీన్ని లోపమని ఎలా రాయను?" కలం తీసి, మళ్లీ ఆగింది. "కానీ నిబంధనలో మూలం అన్న చోట నేనేం రాయాలి? పిల్ల పేరు రాయలేను కదా."

చేటలో బియ్యం ఏరుకుంటున్న కురమమ్మ తలెత్తింది. "అంత సదువుకున్నావు, అది కూడా నానే సెప్పాలేటమ్మా? బిడ్డకి మూలం తల్లి కాకపోతే ఇంకెవరు?"

పాత్రో గారికి దగ్గు కూడా రాలేదు. సుధామయి ఆ ముసలమ్మను కాసేపు చూసి, కాగితం మీద వంగి, మూలం అన్న గడిలో దమయంతి పేరు రాసి సంతకం పెట్టింది. తర్వాత కొబ్బరినీళ్లు అడిగి తాగింది.

ఆ వారమే ఢిల్లేశ్వరరావు తన ఆటోలో దమయంతిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. పట్టీ చెప్పింది నిజమే. మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైంది, కానీ ఇంకా అంచులోనే ఉంది. మందులు, తిండిలో పథ్యం, నెలకోసారి పరీక్ష. ఇలా చేస్తే డయాలసిస్ గడప తొక్కే అవసరం రాకపోవచ్చని డాక్టరు చెప్పారు. ఫ్యాక్టరీ యజమాని సంగతిలో దమయంతి భయపడినంత జరగలేదు. ఆయన సొంత డబ్బుతో వేయించిన తన ఇద్దరు పిల్లల పట్టీలూ ఎర్రగానే ఉన్నాయట. మేస్త్రీ పని ఊసెత్తకుండా, ఏ డాక్టరు మంచివాడని ఆమెనే చాటుగా అడిగాడు.

రాష్ట్రంలో ఆ పదకొండు వందల ఇళ్లకూ మనుషులు వెళ్లారు. వెయ్యికి పైగా ఇళ్లలో తల్లో తండ్రో దొరికారు. అందరూ మొదటి మెట్టు మీదే దొరికారు. పాత్రో గారి ప్రయోగశాలకు మాత్రం ఒక నష్టం జరిగింది. స్వేద-7 కొంటామన్న విదేశీ కంపెనీ వెనక్కి తగ్గింది.

"కారణం ఏం రాశారో తెలుసా అమ్మా?" అన్నారాయన గౌరీశ్వరితో ఫోన్‌లో. "ఈ యంత్రం తల్లినీ బిడ్డనూ విడివిడిగా గుర్తించలేకపోతోంది అని రాశారు. ఇరవై ఏళ్ల కష్టం. తిట్టో పొగడ్తో తేల్చుకోలేక ఆ ఉత్తరాన్ని అద్దం కట్టించి గోడకి తగిలించాను."

మరుసటి జూన్‌లో రాష్ట్రం నిబంధన మళ్లీ మార్చింది. పట్టీ ఉన్న బిడ్డకు కార్డు ఉంటే, ఆ ఇంట్లో పెద్దవాళ్లకూ కార్డు ఉన్నట్టే. ఉత్తర్వు రాసింది సుధామయే. అందులో మాటల అర్థాలు వివరించే పేజీ ఒకటి ఉంది. ఆ పేజీని గౌరీశ్వరి ఆరోగ్య కేంద్రం వరండాలో జనానికి పైకి చదివి వినిపించింది. "ఈ ఉత్తర్వులో బిడ్డ అనగా బిడ్డయు, బిడ్డ ఎవరి పక్కన నిద్రపోవునో వారును."

జనంలో పెద్ద గోల మొదలైంది. తాతలూ, మేనత్తలూ, పక్కింటి పిన్నులూ తమ పక్కన ఎప్పుడెప్పుడు ఏ పిల్ల పడుకుందో లెక్క చెప్పడం మొదలుపెట్టారు. దమయంతి నవ్వి నవ్వి వరండా మెట్టు మీద కూలబడింది. ఆమెకు పట్టీ మళ్లీ వేసింది గౌరీశ్వరే. ఢిల్లేశ్వరరావు తనకూ వేయించుకుంటూ, ఇది బీడీ సంగతి కూడా చెబుతుందా అని మెల్లగా అడిగాడు. చెబుతుందని తెలిశాక ఆ చెయ్యి వద్దు, ఇంకో చేతికి వేయమన్నాడు.

రెండు రోజుల తర్వాత, పొద్దున్నే ఆరోగ్య కేంద్రం తలుపులు తీస్తుండగా కురమమ్మ వచ్చింది. భుజం మీద మోక్షిత ఉంది. తల నాయనమ్మ మెడ మీద వాల్చి, చేతులు రెండూ వేలాడేసి ఉంది.

"నా కాడే తొంగుంది. ఆటోలో కూడా నెగలేదు," అంది కురమమ్మ ఆయాసపడుతూ. "సూడు, ఇంకా నిద్దరలోనే ఉంది. మరి నాకూ పట్టీ ఎట్టాల."

గౌరీశ్వరి దగ్గరికి వెళ్లి చూసింది. మోక్షిత ఒక కన్ను తెరిచి ఆమెను చూసి, మళ్లీ గట్టిగా మూసుకుంది.

గౌరీశ్వరి బల్ల దగ్గర కూర్చుని కొత్త దరఖాస్తు తీసింది. కురమమ్మ పేరు రాసింది. బిడ్డ నిద్రించుచున్నదా అన్న ప్రశ్న దగ్గర అవునని రాసింది.